ఆర్‌ఎన్‌ఏ వెనకాల పడి తిరిగిన రోజులు

టెలోమియర్ల మీద, అంటే క్రోమోజోమ్‌ల చివర్ల మీద, పనిచేశానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అయితే వయసు తగ్గించుకోవచ్చా అండీ?" నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది. నేను పొద్దున లేస్తే కుస్తీ పట్టింది వయసుతో కాదు, డీఎన్‌ఏకి దగ్గరి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏతో. టెలోమియర్ అన్నది పేపర్ల టైటిల్స్‌లో ఉండేది, గ్రాంట్ల కోసం రాసే అప్లికేషన్లలో ఉండేది. చేతులకి గ్లౌజులు తొడిగించింది, రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చోబెట్టింది, కొన్నిసార్లు ఏడిపించింది కూడా ఆర్‌ఎన్‌ఏనే. రిటైరయ్యాక పాత ల్యాబ్ నోట్‌బుక్కులు తిరగేస్తుంటే సగం పేజీల్లో ఇదే గోల. ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు కొంచెం కథ చెప్పాలి. క్రోమోజోమ్ చివర్లలో ఏదో ప్రత్యేకత ఉందని 1930ల్లోనే హెర్మన్ ముల్లర్ ఈగల మీద, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న మీద పనిచేస్తూ పసిగట్టారు. ఎక్స్‌రేలతో విరగ్గొట్టిన చివర్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పుట్టుకతో వచ్చిన అసలు చివర్లు మాత్రం అతుక్కోవు. ఎందుకో అప్పట్లో ఎవరికీ తెలీదు, అసలు డీఎన్‌ఏ ఆకారమే తెలియని కాలం అది. తర్వాత 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ కలిసి మనిషి కణాలు డిష్‌లో ఓ యాభైసార్లు విభజన చెంది ఆగిపోతాయని చూపించారు. ఆ సంగతి విన్న అలెక్సీ ఒలొవ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్తకి మాస్కో మెట్రో స్టేషన్‌లో నిలబడి ఉండగా ఆలోచన తట్టిందట. రైలు డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్ అనుకుంటే, అది పట్టాల మొదట్లో నిలబడ్డచోట, దాని కిందే ఉన్న ముక్క కాపీ కాకుండా మిగిలిపోతుంది కదా! ప్రతి విభజనకీ కొంచెం కొంచెం తరిగిపోతూ పోవాలి కదా! 1971లో రష్యన్‌లో రాశాడు, 1972లో జేమ్స్ వాట్సన్ కూడా విడిగా ఇదే చిక్కు గురించి రాశాడు. మా గైడు ఈ మెట్రో కథని కొత్తగా చేరిన ప్రతి స్టూడెంట్‌కీ చెప్పేవారు. చెప్పాక వెంటనే "మరి మనం ఇంకా ఎందుకు అయిపోలేదు?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయేవారు. మేడం పద్ధతే అంత.

నేను చేరింది తొంభైల మొదట్లో. మొదటివారం నా చేతికి ఇచ్చింది టెట్రాహైమెనా ఫ్లాస్కు. మంచినీటి గుంటల్లో ఉండే ఏకకణ జీవి, ఒళ్లంతా సన్నటి నూగు, మైక్రోస్కోప్ కింద పెడితే ఎక్కడికో అర్జెంటు పని ఉన్నట్టు గిరగిరా తిరుగుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతుంటాయి. పెప్టోన్ కలిపిన ద్రవంలో పెంచేవాళ్లం, ఆ వాసన చొక్కాకి పట్టేసేది. మనుషుల జబ్బుల మీద పనిచేద్దామని వచ్చిన నాకు ఈ గుంటనీటి ప్రాణి ఏంట్రా అని లోపల్లోపల చిన్నతనంగా ఉండేది. కానీ లెక్క వేరే ఉంది. దీనికి రెండు కేంద్రకాలు. పెద్ద కేంద్రకంలో క్రోమోజోమ్‌లు ముక్కలు ముక్కలుగా తెగి, ఒక్కో ముక్కకి బోలెడు కాపీలు ఉంటాయి. ముక్కలు ఎక్కువైతే చివర్లు ఎక్కువ, ఒక్క కణంలోనే వేలకి వేలు. మనిషి కణంలో 46 క్రోమోజోమ్‌లకి 92 చివర్లే. చివర్ల గురించి చదవాలంటే చివర్లు కుప్పలుగా దొరికేచోటికే వెళ్లాలి కదా. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ యేల్‌లో చేసింది అదే. 1978లో ఆ చివర్లలో టీటీజీజీజీజీ అనే ఆరక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తోందని చూపించారు. 1982లో బ్లాక్‌బర్న్, జాక్ షోస్టాక్ కలిసి ఆ చివర్లని ఈస్ట్‌లో పెడితే అక్కడా పనిచేశాయి, ఎంత దూరపు చుట్టమైనా సరే. అదే 1982లో, అదే టెట్రాహైమెనాలో, కొలరాడోలోని బౌల్డర్‌లో టామ్ చెక్ బృందం ఇంకో వింత బయటపెట్టింది: ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క ఏ ప్రొటీన్ సాయమూ లేకుండా తనని తానే కత్తిరించుకుని అతుక్కుంటోంది. అప్పటిదాకా ఎంజైమ్ అంటే ప్రొటీనే. ఇది తెలిశాక నా ఫ్లాస్కు మీద నాకు గౌరవం పెరిగింది. 1989 కెమిస్ట్రీ నోబెల్ ఒకటి, 2009 మెడిసిన్ నోబెల్ ఒకటి, రెండూ ఈ గుంటనీళ్లలోంచే వచ్చాయి.

మా బ్యాచ్‌లో అందరికీ నోటికొచ్చిన పేపరు ఒకటుంది, 1985 డిసెంబర్‌లో సెల్ పత్రికలో వచ్చిన గ్రైడర్, బ్లాక్‌బర్న్‌ల పేపరు. దాని జిరాక్సుకి జిరాక్సు, దానికి ఇంకో జిరాక్సు, నా దగ్గరికి వచ్చేసరికి బొమ్మలో బ్యాండ్లు నల్లటి మరకలైపోయాయి. అయినా అదే చూసుకుని మురిసిపోయేవాళ్లం. కెరోల్ గ్రైడర్ అప్పటికి బ్లాక్‌బర్న్ దగ్గర పీహెచ్‌డీ స్టూడెంటు, బర్క్‌లీలో. టెట్రాహైమెనాని దంచి తీసిన రసంలో, టెలోమియర్ అక్షరాలున్న చిన్న డీఎన్‌ఏ ముక్క వేసి, రేడియోధార్మిక అక్షరాలు కలిపి, ముక్కల్ని పొడవుని బట్టి విడదీసే జెల్ మీద పరిగెత్తించింది. 1984 క్రిస్మస్ రోజున ఫిల్మ్ తీసి చూస్తే ఆరేసి అక్షరాల తేడాతో మెట్లు మెట్లుగా బ్యాండ్లు, పైదాకా. ఏదో ఎంజైమ్ ఆ ముక్క కొసకి ఆరేసి అక్షరాలు తగిలిస్తూ పోతోందన్నమాట. దానికే తర్వాత టెలోమరేజ్ అని పేరొచ్చింది.

నాకు మాత్రం ఆ నిచ్చెన కన్నా దాని తర్వాత వేసిన ప్రశ్నే ఎక్కువ ఇష్టం. మామూలు డీఎన్‌ఏ ఎంజైమ్‌కి ముందు ఒక మూసపోగు కావాలి, దాన్ని చూసి కాపీ కొడుతుంది. ఇక్కడ మూస ఏదీ? వాళ్లు ఈస్ట్ టెలోమియర్ ముక్క వేసి చూశారు. ఈస్ట్ అక్షరాలు వేరు. అయినా టెట్రాహైమెనా రసం దానికి తన అక్షరాలే, టీటీజీజీజీజీలే, తగిలించింది. అంటే చూసి రాయాల్సింది వేసిన ముక్కలో లేదు, ఎంజైమ్ పొట్టలోనే ఉంది. పొట్టలో ఏముంటుంది? 1987లో ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైమ్ కలిపితే పని ఆగిపోయిందని చూపించారు. 1989లో గ్రైడర్, అప్పటికి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌కి వెళ్లింది, ఆ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంది. మొత్తం 159 అక్షరాలు, మధ్యలో సీఏఏసీసీసీసీఏఏ. టీటీజీజీజీజీకి సరిగ్గా జత. ఆ తర్వాతి ఏడాది బ్లాక్‌బర్న్ బృందం ఆ ఆర్‌ఎన్‌ఏలోనే అక్షరం మారిస్తే క్రోమోజోమ్ చివర్లో కూడా అక్షరం మారింది. ఇంక వాదించడానికి ఏముంది? ఎవరైనా స్టూడెంటు "డీప్‌గా ఆలోచించాలి సార్" లాంటి మాటలు మాట్లాడితే నేను ఈ నాలుగు పేపర్లు వరసగా చదవమని ఇచ్చేవాణ్ని. ఇప్పటికీ అదే ఇస్తాను.

ఇక ఆర్‌ఎన్‌ఏతో కాపురం సంగతి. డీఎన్‌ఏ అయితే బెంచి మీద వదిలేసి వెళ్లినా మర్నాటికి బతికే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. దాన్ని తినేసే ఆర్‌ఎన్‌ఏజ్ అనే ఎంజైమ్ మన చెమటలో ఉంటుంది, వేళ్ల మీద ఉంటుంది, తుంపర్లలో ఉంటుంది, దుమ్ములో ఉంటుంది. మరగబెట్టినా చావదు, చల్లారగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. అందుకని నీళ్లలో దాన్ని చంపే డీఈపీసీ అనే రసాయనం కలిపి రాత్రంతా ఉంచి పొద్దున్నే ఆటోక్లేవ్ చేయాలి. గాజు సామానంతా ఓవెన్‌లో కాల్చాలి. "ఆర్‌ఎన్‌ఏ ఓన్లీ" అని ఎర్ర టేపు వేసిన పిపెట్లు విడిగా. మా ల్యాబ్‌లో వాటిని వేరేవాళ్లు ముట్టుకున్నారంటే చిన్న సైజు యుద్ధం. గ్లౌజులు వేసుకుని ముక్కు గోక్కున్నావంటే మేడం ఏమీ అనేవారు కాదు, గ్లౌజుల డబ్బా తీసుకొచ్చి మన ముందు పెట్టి వెళ్లిపోయేవారు. ఆ మౌనం కన్నా తిట్టడమే నయం.

ఇందులో తమాషా ఏంటంటే, ఏ పేరు చెబితే ల్యాబంతా వణికేదో ఆ ఆర్‌ఎన్‌ఏజ్‌నే మేం డబ్బులు పెట్టి కొనేవాళ్లం. టెలోమరేజ్ పరీక్ష ఎప్పుడు చేసినా ఒక ట్యూబులో కావాలని ఆర్‌ఎన్‌ఏజ్ వేయాలి. జెల్ మీద ఆ ట్యూబు నడిచే వరస, అంటే ఆ లేన్, ఖాళీగా రావాలి. నిచ్చెన మాయమైతేనే అది టెలోమరేజ్, అక్కడ కూడా మెట్లు కనిపించాయంటే మొత్తం జెల్ చెత్తబుట్టకే. కాబట్టి ఆ చిన్న సీసా మాత్రం మాతో ఉండేది కాదు. కారిడార్ చివర వేరే ఫ్రిజ్‌లో, మూడు కవర్లలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బా మీద పుర్రె బొమ్మ ఎవరో ముందుతరం వాళ్లు గీశారు. అది వేయాల్సినప్పుడు అన్ని ట్యూబులూ మూతలు పెట్టేసి, ఆఖరున ఆ ఒక్క ట్యూబునీ వేరే గదికి తీసుకెళ్లి, వేసి, గ్లౌజులు అక్కడే పారేసి రావాలి. కోటు కూడా మార్చుకునేవాళ్లున్నారు, నేనూ ఒకణ్ని. అన్నట్టు, ఈ ఆర్‌ఎన్‌ఏజ్‌కి పెద్ద చరిత్రే ఉంది. 1950ల్లో ఆర్మర్ అనే అమెరికన్ మాంసం కంపెనీ పశువుల పాంక్రియాస్ నుంచి కిలో ఆర్‌ఎన్‌ఏజ్ శుద్ధి చేసి శాస్త్రవేత్తలకి ఉచితంగా పంచిపెట్టింది. ప్రొటీన్ల గురించి మనకి తెలిసినదాంట్లో మంచి భాగం ఆ పంపకం పుణ్యమే. 1972 కెమిస్ట్రీ నోబెల్ దీని మీద పనిచేసిన ముగ్గురికి వచ్చింది. మాకు మాత్రం అది శత్రువే.

జెల్ పోయడం కూడా పెద్ద తతంగం. రెండు గాజు పలకల మధ్య సన్నటి సందు, అందులో అక్రిలమైడ్ ద్రవం పోస్తుంటే ఒక్క బుడగ ఇరుక్కుందా, ఆ లేన్ పోయినట్టే. పలకని మెల్లగా కొడుతూ, వంచుతూ బుడగని పైకి తెచ్చుకోవాలి, ఊపిరి బిగబట్టి. జీ అక్షరాలు ఎక్కువున్న డీఎన్‌ఏ తనలో తానే ముడులు పడుతుంది కాబట్టి జెల్‌ని బాగా వేడిగా నడపాలి, మరీ వేడెక్కితే పలక టప్పున పగులుతుంది. మేం వాడే రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 సగం ఆయుష్షు రెండు వారాలు, కాబట్టి మా క్యాలెండర్ అంతా ఆ పార్శిల్ వచ్చే రోజుని బట్టి నడిచేది, పండగలూ పెళ్లిళ్లూ ఏవైనా దాని తర్వాతే. జెల్‌ని కాగితం మీద ఆరబెట్టి, క్యాసెట్‌లో ఫిల్మ్ పెట్టి, మైనస్ 80 ఫ్రీజర్‌లో పడేసి వెయిటింగ్. తర్వాత డార్క్ రూమ్. ఎర్ర లైటు, డెవలపర్ వాసన, ట్రేలో ఫిల్మ్ ఊపుతుంటే ముందు అంచులు నల్లబడతాయి, తర్వాత మెల్లగా ఒక్కో మెట్టూ పైకి లేస్తుంది. ఇప్పుడు మెషీన్‌లో స్కాన్ చేస్తే స్క్రీన్ మీద ఒక్కసారే మొత్తం వచ్చేస్తుంది. మంచిదే, డేటా కూడా మెరుగు. కానీ ఆ డార్క్ రూమ్ తలుపు బయట నలుగురు నిలబడి "వచ్చిందా? వచ్చిందా?" అని అడగడం మాత్రం పోయింది.

1994లో టెలోమరేజ్‌ని పట్టే ట్రాప్ పరీక్ష వచ్చింది. డీఎన్‌ఏకి బోలెడు కాపీలు తీసే పీసీఆర్‌తో కలిపి చేసేది, కొద్ది కణాలున్నా చాలు. దాంతో క్యాన్సర్లలో దాదాపు 85 నుంచి 90 శాతం వాటిలో టెలోమరేజ్ పనిచేస్తోందని తేలింది, మామూలు కణాల్లో చాలావాటిలో ఉండదు. మా చిన్న సబ్జెక్టు రాత్రికి రాత్రే పెద్దదైపోయింది. మనిషి టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ 1995లో దొరికింది, 451 అక్షరాలు. టెట్రాహైమెనాది 159, మనది దానికి దాదాపు మూడింతలు, ఆ మిగతాదంతా ఎందుకు అన్నదే నా తర్వాతి జీవితం. ఇక 1997లో యోఖిమ్ లింగ్నర్, చెక్ బృందం యూప్లోటెస్ అనే ఇంకో నీటి ప్రాణి నుంచి టెలోమరేజ్ ప్రొటీన్‌ని పట్టుకున్నారు. అది ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కుటుంబంలోది, రెట్రోవైరస్‌లు వాడే ఎంజైమ్‌కి దూరపు బంధువు. విక్కీ లుండ్‌బ్లాడ్ ఈస్ట్‌లో జన్యువులు వెతుకుతూ పట్టుకున్నవాటిలో ఒకటి సరిగ్గా ఇదే ప్రొటీన్‌ది. రెండు దారులు ఒకేచోట కలిశాయి. అదే ఏడాది మనిషిది కూడా దొరికింది, 1998కల్లా ఆ ఒక్క జన్యువుని మామూలు కణాల్లో పెడితే అవి ఆగకుండా విభజన చెందుతున్నాయని తేలింది.

అప్పట్నుంచి అందరూ ప్రొటీన్ వైపు పరిగెత్తారు. ఫండింగ్ అక్కడే, కాన్ఫరెన్స్‌లో పెద్ద హాలు వాళ్లకే. మా ఆర్‌ఎన్‌ఏ వాళ్లకి పోస్టర్ సెషన్లో మూల. ఒక రివ్యూయర్ అయితే మా పేపరు మీద, ఆర్‌ఎన్‌ఏ వట్టి మూసే కదా, మిగతా భాగాల మీద ఇంత పని ఎందుకు అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఇప్పటికీ ఆ లెటర్ ఉంది నా దగ్గర. కోపం పోయింది గానీ లెటర్ పారేయలేదు. మేడం ఆ లెటర్ చదివి "మూసని పట్టుకునే చెయ్యి కూడా కావాలిగా" అని, నన్ను మళ్లీ మ్యూటెంట్లు చేయమన్నారు. ఆర్‌ఎన్‌ఏలో ఒక్కో భాగం కోసేసి, మార్చేసి, ఎక్కడ మారిస్తే పని ఆగుతుందో చూడటం. ఒక కణంలో టెలోమరేజ్ అణువులు ఉండేదే కొన్ని వందలు. అందుకని డిష్‌లకి డిష్‌లు పెంచి, దంచి, వడగట్టి చివరికి ట్యూబు అడుగున కంటికి కనిపించనంత మిగిలేది.

ఆ 'మిగతా భాగం' ఎందుకో జబ్బులు చెప్పాయి. డిస్కెరటోసిస్ కంజెనిటా అని అరుదైన జబ్బు. గోళ్లు పాడవుతాయి, చర్మం మీద వలలాగా మచ్చలు, నోట్లో తెల్లటి పొర, చివరికి ఎముక మజ్జ రక్తం తయారుచేయడం మానేస్తుంది. 1999లో క్యాథలీన్ కాలిన్స్ ల్యాబ్ ఈ జబ్బులో చెడిపోయే డిస్కెరిన్ అనే ప్రొటీన్ టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని ఉంటుందని చూపించింది. సరిగ్గా ఆ 'మిగతా భాగం' దగ్గర. 2001లో కొన్ని కుటుంబాల్లో ఏకంగా ఆర్‌ఎన్‌ఏ జన్యువులోనే మార్పులు దొరికాయి. రెండు కాపీల్లో ఒకటి బాగున్నా సరిపోదు, సగం మోతాదు ఆర్‌ఎన్‌ఏతో శరీరం నెట్టుకురాలేదు.

అప్పుడు మా దగ్గరికి ఒక కుటుంబం రక్తం శాంపిల్స్ వచ్చాయి, పేర్లు లేవు, కోడ్ నంబర్లే. టెలోమియర్ పొడవు చూసే సదరన్ బ్లాట్‌లో బ్యాండు రాదు, పులుముడు వస్తుంది, ఎందుకంటే ప్రతి కణంలో ప్రతి చివరా వేరే పొడవు. పొడవుగా ఉంటే పులుముడు పైన, పొట్టిగా ఉంటే కింద. మామూలుగా తండ్రి పక్కన కొడుకుని వేస్తే కొడుకుది పైన ఉండాలి, చిన్నవాడు కాబట్టి. ఈ ఫిల్మ్‌లో తాతది కింద, తండ్రిది ఇంకా కింద, పిల్లవాడిది అన్నిటికన్నా కింద, జెల్ అడుగుకి దగ్గరగా. పొట్టి చివర్లే వారసత్వంగా వస్తున్నాయి, అందుకే ప్రతి తరానికీ జబ్బు ఇంకా చిన్న వయసులో బయటపడుతోంది. ఆ ఫిల్మ్‌ని లైట్‌బాక్స్ మీద పెట్టి చూస్తుంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా నాకు లేన్ అంటే లేనే. ఆ కోడ్ నంబర్ ఉన్న పిల్లవాడికి ఎన్నేళ్లో ఫారం మీద రాసి ఉంది, అది చదవకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అందుకే ఇప్పుడు "మీ టెలోమియర్లు కొలిచి మీ అసలు వయసు చెబుతాం" అని ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకే వయసువాళ్లలోనే పొడవులు ఎంతో తేడాగా ఉంటాయి, కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది. మజ్జ జబ్బు ఉందేమో చూడటానికి డాక్టర్లు కొలిస్తే అర్థముంది. పుట్టినరోజు కానుకగా కొలిపించుకోవడం ఏంటో! పైగా పొడవుగా ఉంటే మంచిదే అని కూడా లేదు. 2013లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్లో టెలోమరేజ్ ప్రొటీన్ జన్యువు స్విచ్ దగ్గర ఒక్క అక్షరం మారి, ఆగాల్సిన టెలోమరేజ్ ఆగకుండా నడుస్తోందని తేలింది. కణం ఆగడం కూడా ఒక కాపలాయే.

2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకి నోబెల్ వచ్చిన రోజు మా ల్యాబ్‌లో పని జరగలేదు. గ్రైడర్‌కి ఫోన్ వచ్చినప్పుడు తెల్లవారుజామున బట్టలు మడతపెడుతోందని వార్తల్లో చదివి, మా స్టూడెంటొకమ్మాయి "నేనూ రేపట్నుంచి పొద్దున్నే బట్టలు మడతపెడతా సార్" అంది. 2018లో మాత్రం నేను నిజంగా ఎమోషనల్ అయ్యాను. క్రయో-ఈఎమ్‌తో, అంటే అణువుల్ని గడ్డకట్టించి చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో, తీసిన మనిషి టెలోమరేజ్ బొమ్మ వచ్చింది, కాలిన్స్, ఎవా నొగాలెస్ బృందాలది. ఏళ్ల తరబడి కోసి, మార్చి, చీకట్లో తడుముకున్న ఆ ఆర్‌ఎన్‌ఏ, ఒక కొస ప్రొటీన్ చుట్టూ చుట్టుకుని, ఇంకో కొస డిస్కెరిన్ పట్టులో ఉండి, మొత్తానికి వెన్నెముక తనే అయి కనిపించింది. స్క్రీన్ మీద ఒక్కో వంపునీ వేలితో చూపిస్తూ "ఇది ఫలానా మ్యూటెంట్, ఇది ఫలానావాడి థీసిస్" అని చెప్పుకుంటూ పోయాను, వినేవాళ్లకి బోరు కొట్టి ఉంటుంది. ఇక 2024 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఇమెటెల్‌స్టాట్ అనే మందుకి అనుమతి ఇచ్చింది, తరచూ రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చే ఒక రకం మజ్జ జబ్బుకి. అది ఏం చేస్తుందో తెలుసా? ప్రొటీన్ జోలికి పోదు. తిన్నగా వెళ్లి ఆర్‌ఎన్‌ఏలోని మూస అక్షరాలకి జతగా అతుక్కుని వాటిని మూసేస్తుంది. రివ్యూయర్ గారి లెటర్ తీసి మళ్లీ ఒకసారి చదువుకున్నాను, కొంచెం అల్పబుద్ధే అనుకోండి.

ఇప్పుడు ల్యాబులో ఆర్‌ఎన్‌ఏజ్ లేని నీళ్లు సీసాల్లో వస్తాయి, టిప్పులు ప్యాక్ చేసి వస్తాయి, కిట్ కొంటే గంటలో ఆర్‌ఎన్‌ఏ చేతిలో ఉంటుంది. మా రోజుల్లో అలా కాదు అని నేను అనను, మా రోజుల్లో సగం కాలం గాజు సామాను కాల్చడానికే పోయింది. నా పాత స్టూడెంటొకడు సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు, టెర్రా మీద పనిచేస్తున్నాడు. టెలోమియర్లు మూగవి, వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవదు అనుకునేవాళ్లం. 2007లో లింగ్నర్ ల్యాబ్‌ వాళ్లు టెలోమియర్ల నుంచే ఆర్‌ఎన్‌ఏ వస్తోందని చూపించారు, దానికే టెర్రా అని పేరు. అది అక్కడ అసలు ఏం పని చేస్తుందన్న దాని మీద ఇప్పటికీ గొడవే. వాడు ఆదివారాలు ఫోన్ చేసి, అది చివర్ని రిపేరు చేయడానికి ఉందంటాడు. నేను ముందు ఆర్‌ఎన్‌ఏజ్ కంట్రోల్ లేన్ చూపించు, తర్వాత మాట్లాడదాం అంటాను. "సార్, ఆ డబ్బా మా ల్యాబ్‌లో ఎవరూ ముట్టుకోనంటున్నారు" అని వాడు, "అయితే నువ్వే వెయ్యి" అని నేను. పోయిన వారం వేశాడట. ఫిల్మ్ కాదుగా ఇప్పుడు, ఇమేజ్ పంపుతానన్నాడు, ఇంకా రాలేదు.